12 అంగుళాల డాబ్‌లో జ్యేష్ఠ జంట విడిపోవట్లేదు, చుక్క మూడు మూలలుగా కనిపిస్తోంది

విజయవాడలో మా డాబా మీద 12 అంగుళాల అద్దమున్న డాబ్సోనియన్ టెలిస్కోపు (ఎఫ్/5, అంటే ఫోకల్ దూరం అద్దం వ్యాసానికి 5 రెట్లు) పెట్టి జంట నక్షత్రాలు చూస్తున్నాను. కాస్టర్, పొరీమా జంటలు 5 మి.మీ. ఐపీస్‌తో (కన్ను పెట్టి చూసే కటకం), అంటే 300 రెట్లలో, విడిపోతున్నాయి కానీ జ్యేష్ఠ (అంటారెస్) పక్కనుండే పచ్చటి చుక్క మాత్రం అస్సలు దొరకట్లేదు. మధ్య దూరం దాదాపు 2.7 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను), ఈ అద్దం లెక్క ప్రకారం 0.4 దాకా విడదీయాలి. సరే, ఒకటో మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక) పక్కన ఐదున్నర అంటే కష్టమే, పైగా కృష్ణ పక్కన మే నెల గాలి, అయినా మరీ ఇంతా?

జ్యేష్ఠ బాగా పైకొచ్చాక, రాత్రి ఒంటిగంట ప్రాంతంలో, 47 డిగ్రీల ఎత్తులో ఉండగానే చూస్తున్నా. రెండు గంటల ముందే ట్యూబ్ బయట పెట్టి వెనక ఫ్యాన్ వేశాను, లేజర్‌తో కొలిమేషన్ (అద్దాలను ఒకే వరుసలోకి సరిచేయడం) చేసి చుక్క మీద మళ్ళీ సరిచూశాను, కాంక్రీటు వేడి అనుమానంతో డాబా తడిపాను కూడా. ఫోకస్ కొంచెం తప్పిస్తే చుక్క చుట్టూ వచ్చే వలయాలు గుండ్రంగా కాకుండా త్రిభుజంలా వస్తున్నాయి. అద్దం పట్టుకునే మూడు క్లిప్పులూ కాగితం దూరేంత వదులు చేసినా అదే ఆకారం. ట్యూబ్ నోటికి 120 మి.మీ. రంధ్రమున్న అట్ట పెడితే మాత్రం గుండ్రంగా ఉంటోంది.

క్లిప్పులు వదులయ్యాక కూడా త్రిభుజం పోలేదంటే తప్పు ప్రధాన అద్దం కింది సెల్‌లో (అద్దాన్ని మోసే చట్రం) ఉన్నట్టా, ట్యూబ్ పైభాగంలోని చిన్న అద్దంలో (సెకండరీ) ఉన్నట్టా, ఎలా తేల్చుకోవాలి?