చైనా వ్యూహాలన్నిటికీ మూలం నిజంగా సన్ జునేనా?

ప్రశ్న (ఎంబీఏ విద్యార్థి):
మా వ్యూహ నిర్వహణ తరగతిలో చైనా కంపెనీల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ చర్చ ప్రాచీన చైనా యుద్ధతంత్రవేత్త సన్ జు రాసిన ‘యుద్ధకళ’ దగ్గరే ఆగిపోతోంది. చైనావారి ఓర్పు, దూరదృష్టి, పోరాడకుండానే ప్రత్యర్థిని లొంగదీసుకునే నేర్పు అన్నీ ఆ పదమూడు అధ్యాయాల ప్రాచీన గ్రంథం నుంచే వచ్చాయని చెబుతున్నారు. ఒక పాత గ్రంథం ఈనాటి వ్యాపార, సైనిక నిర్ణయాలను అంత నేరుగా శాసించగలదా? దయచేసి ఉదాహరణలతో వివరించగలరు.

సమాధానం (టెలికాం ఉద్యోగి):
చైనా టెలికాం పరికరాల కంపెనీ హువావేను చూస్తే మీ సందేహం సబబే అనిపిస్తుంది. సైన్యంలో ఇంజనీరుగా పనిచేసిన రెన్ జెంగ్‌ఫేయ్ 1987లో షెన్‌జెన్‌లో దానిని స్థాపించారు. అప్పట్లో పెద్ద నగరాల టెలిఫోన్ ఎక్స్ఛేంజీల వ్యాపారం విదేశీ కంపెనీల చేతుల్లో ఉండేది. అక్కడ తలపడితే నిలవలేమని గ్రహించి, ఆ కంపెనీలు పట్టించుకోని చిన్న పట్టణాలకు, గ్రామీణ ప్రాంతాలకు తక్కువ ధరకు పరికరాలు అమ్మి, బలం పుంజుకున్నాకే ఆయన నగరాల వైపు తిరిగారు. విదేశాల్లోనూ ముందు రష్యా, ఆఫ్రికా వంటి మార్కెట్లలో కుదురుకుని, ఆ తర్వాతే పశ్చిమ ఐరోపాలో నిలదొక్కుకున్నారు. ‘గ్రామాలతో నగరాలను చుట్టుముట్టడం’ అనే ఈ సూత్రం మావోది. తెలుగునాట వామపక్ష సాహిత్యం చదివినవారికి దీన్ని కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. రెన్ తరం చిన్ననాటి నుంచీ వల్లె వేసింది ఆ విప్లవ చరిత్రనే. అయితే అదీ సగం కారణమే. నగరాల్లో చోటు దొరకని కొత్త కంపెనీకి, మావో పేరే వినకపోయినా, వెళ్లడానికి మిగిలినవి పల్లెలే.

సమాధానం (చరిత్ర అధ్యాపకుడు):
ఓర్పును సన్ జుకు అంటగట్టడం నాకు మొదటి నుంచీ వింతగానే ఉంది. దీర్ఘయుద్ధం వల్ల లాభపడిన రాజ్యమంటూ లేదని ఆయన రెండో అధ్యాయంలో స్పష్టంగా చెప్పారు. దూరదేశంలోని సైన్యానికి ధాన్యం మోయలేక ప్రజలు ఎలా చితికిపోతారో కూడా అక్కడే వివరించారు. 1938లో కమ్యూనిస్టుల స్థావరమైన యెనాన్‌లో జపాన్‌పై దీర్ఘకాలిక యుద్ధం గురించి ప్రసంగించిన మావో, శత్రువునూ తననూ తెలుసుకోవాలన్న సన్ జు మాటను ఉటంకిస్తూనే, కాలం విషయంలో మాత్రం ఎదురు దిశలో నడిచారు. చైనాకు ఆనాడు ఆయుధబలం తక్కువ, భూభాగమూ జనమూ మాత్రం అపారం కాబట్టి యుద్ధం సాగడమే దానికి మేలు.

1962 అక్టోబరు 20న భారత్‌పై దాడికి దిగిన చైనా నవంబరు 21న తనంతట తానే కాల్పుల విరమణ ప్రకటించడం, 1979లో వియత్నాం నుంచి నెల రోజులలోపే వెనుదిరగడం రెండో అధ్యాయానికి దగ్గరగా కనిపిస్తాయి. కానీ 1962లో హిమాలయ కనుమలు మంచుతో మూసుకుపోయే కాలం ముంచుకొస్తోంది, సరఫరా మార్గాలు బాగా సాగిపోయాయి. ఆ స్థితిలో వెనక్కి మళ్లడానికి ఏ సేనానికీ ప్రాచీన గ్రంథం అవసరం లేదు.

ప్రశ్న (ఎంబీఏ విద్యార్థి):
ధన్యవాదాలు సార్. అయితే ఆ గ్రంథం చదవడం వృథా అంటారా?

సమాధానం (చరిత్ర అధ్యాపకుడు):
వృథా కాదు, పదమూడో అధ్యాయం తప్పక చదవండి. శత్రువు స్థితి దేవతలను అడిగితేనో, గ్రహగతులు లెక్కిస్తేనో తెలియదని, తెలిసిన మనుషుల నుంచే రాబట్టాలని, అందుకయ్యే కొద్దిపాటి బంగారానికి వెనుకాడి అజ్ఞానంలో ఉండిపోయే సేనాపతి దయలేనివాడని అందులో ఉంది. మార్కెట్ సర్వే ఖర్చుకు కోత పెట్టే యజమానులకు చూపించదగిన పేజీ అది.