రోజూ బీచ్ రోడ్డులో నడుస్తున్నా బరువు తగ్గట్లేదు, ఎలా నడవాలి?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ నుంచి)

అందరికీ నమస్కారం. నాకు 46 ఏళ్లు, బరువు 70 కిలోలు. వేసవి నుంచి మావారూ నేనూ పొద్దున్నే బీచ్ రోడ్డుకి వెళ్తున్నాం. కాళీమాత గుడి దగ్గర బయల్దేరి పార్క్ హోటల్ జంక్షన్ దాకా వెళ్లి వెనక్కి రావడం, సుమారు గంట. చున్నీ పిండితే నీళ్లు కారేంత చెమట. ఫోన్‌లో యాప్ 400 కేలరీలు కరిగాయంటుంది, బరువు మాత్రం కదలట్లేదు. షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ గారు అన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. నడక మానేసి జిమ్‌లో చేరమని మా అమ్మాయి పోరు. నాకేమో సముద్రం పక్కన నడక వదలబుద్ధి కావట్లేదు. ఏం చేయమంటారు?

జవాబు (సీతమ్మధార)

చెమట చూసి లెక్క వేసుకోకండి మేడమ్. మన వైజాగ్ గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒంటి మీదే నిలుస్తుంది. పోయేది నీరు, కొవ్వు కాదు.

జవాబు (కంచరపాలెం, రిటైర్డ్ పీఈటీ)

అమ్మా, నడక మానొద్దు. నడిచే తీరు మార్చండి.

ముందు యాప్ సంగతి. 70 కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల లోపు వేగంతో గంట నడిస్తే ఖర్చయ్యేది సుమారు 245 కేలరీలు. అందులో ఓ 70 ఇంట్లో కుర్చీలో కూర్చున్నా ఖర్చయ్యేవే. నడక వల్ల అదనంగా పోయేది 175 అన్నమాట. కిలో కొవ్వు అంటే దాదాపు 7,700 కేలరీలు. తిండి ఏమీ పెరగకపోతే కిలో తగ్గడానికి నెలన్నర పడుతుంది. తిరిగొస్తూ బండి దగ్గర మసాలా దోశ తిన్నారా, ఆ రోజు కష్టమంతా అక్కడే సరి.

అదే గంటకు 6 కిలోమీటర్లు దాటే నడకైతే లెక్క 350 దగ్గరికి వెళ్తుంది. పక్కవారితో మాట్లాడగలగాలి, కూనిరాగం మాత్రం తీయలేకపోవాలి. వేగం అంటే అదీ. గుడి నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా మామూలుగా నడవండి, అక్కణ్ణుంచి జంక్షన్ దాకా చేతులు ఊపుతూ గట్టిగా అడుగులేయండి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. పొడి ఇసుకలో కాలు దిగబడుతుంది కాబట్టి అదే దూరానికి ఇంచుమించు రెట్టింపు శక్తి కావాలి, కానీ మొదట్లో పది నిమిషాలు మించొద్దు, చీలమండ బెణుకుతుంది.

వారానికోసారి ఎత్తు ఎక్కండి. మీకు కైలాసగిరి మెట్లు దగ్గరే. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు చేసేవాళ్లను చాలాకాలంగా చూస్తున్నాను. ఏడాదంతా చదును రోడ్డు మీద కబుర్లాడుతూ నడిచినవాళ్లకు మాధవధార వచ్చేసరికి పిక్కలు పట్టేస్తాయి. ఎత్తులెక్కి అలవాటైన పెద్దవాళ్లు నింపాదిగా దాటుకుపోతారు.

10,000 అడుగులు వేయాలన్న పట్టింపు అక్కర్లేదు. 1960ల్లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్ముకోవడానికి పెట్టిన అంకె అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దాంతోపాటు రెండు రోజులు కండరాలకు పని. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు దండీలు, ఇంట్లోనే చేసుకోవచ్చు.

జవాబు (గాజువాక)

షుగర్ కోసమైతే రాత్రి భోజనం అయ్యాక ఓ పావుగంట నడవండి అక్కా. కాళ్ల కండరాలు పనిచేస్తుంటే రక్తంలోని గ్లూకోజ్‌ని లాక్కుంటాయి. మా అమ్మ డాబా మీదే తిరుగుతుంది, ఆ రోజుల్లో పొద్దుటి రీడింగ్ మెరుగ్గా ఉంటోంది. మాత్రలు వాడుతుంటే మాత్రం డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి.

ఎంవీపీ కాలనీ నుంచి

మాస్టారూ, చాలా థాంక్స్. మెట్లు ఎక్కేటప్పుడు ఫర్వాలేదు, దిగేటప్పుడు ఎడమ మోకాలు లాగుతుంది. ఎలా?

కంచరపాలెం

అయితే మెట్లు వద్దమ్మా. కొండ రోడ్డు మీదుగా ఎక్కండి, దిగేటప్పుడు అడుగులు చిన్నగా, మోకాలు కాస్త వంచి. నొప్పి రెండు వారాలు దాటితే ఎముకల డాక్టర్‌కి చూపించాకే కొండ జోలికి వెళ్లండి. బీచ్ రోడ్డు నడక ఆపనక్కర్లేదు.