ఉకులేలే: గుంపులో వాయించడం వల్ల చేయి మోటుబారుతోందా?

ప్రశ్న – షెఫీల్డ్ నుంచి

అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. కాన్సర్ట్ సైజు ఉకులేలే (చిన్న గిటారులా ఉండే నాలుగు తీగల వాయిద్యం) కొనుక్కుని, గురువంటూ ఎవరూ లేకుండా, ఇంట్లోనే వీడియోలు చూసి నేర్చుకున్నాను. తీగలకు మామూలు జి, సి, ఇ, ఎ శ్రుతే పెట్టుకున్నాను. నాలుగో తీగ జి హెచ్చు స్థాయిలోనే మోగుతుంది. మొదట్లో కార్డులు (ఒకేసారి కలిసి మోగే స్వరాల గుత్తులు) పట్టి మీటడం మాత్రమే తెలిసినా, క్రమంగా తీగలను వేళ్లతో విడివిడిగా మీటుతూ, పాట వరుసనూ దానికి ఆధారమైన కార్డులనూ కలిపి పలికించడం అలవాటైంది. కొన్ని పాత సినిమా పాటలను ఈ పద్ధతిలో నెమ్మదిగా, నచ్చినచోట ఆగుతూ వాయించుకుంటాను.

ఇటీవల మా పేటలోని ఒక ఉకులేలే క్లబ్బులో చేరాను. పబ్బు వెనుక గదిలో ముప్పై మందికి పైగా కూర్చుంటారు. తెరపై పాట సాహిత్యం, పదాల నెత్తిన కార్డుల పేర్లు కనిపిస్తూ ఉంటే, అందరూ ఒకే కార్డును ఒకే తీరున మీటుతూ గొంతెత్తి పాడతారు. మనుషులు చాలా ఆప్యాయంగా ఉంటారు, ఆ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. అయితే ఆ గదిలో నా వాయిద్యం నాకే వినిపించదు కనుక తెలియకుండానే గట్టిగా బాదుతున్నాను, ఇంటికి వచ్చాక కూడా ఆ బాదుడు చేతిని వదలడం లేదు. మెల్లగా మొదలైన ప్రతి పాటా చివరి చరణానికి వచ్చేసరికి పరుగందుకుంటుంది. మరోవైపు, ఒంటరిగా వాయించేటప్పుడు ప్రతి తప్పు దగ్గరా ఆగిపోయే నా పాత అలవాటు మాత్రం చాలావరకు తగ్గింది. క్లబ్బు వల్ల నాకు లాభం జరుగుతోందా, నష్టం జరుగుతోందా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. రెండు రకాలుగానూ వాయించిన అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

సమాధానం – తాళమానం (న్యూజెర్సీ)

నమస్కారమండి. ఇక్కడ ఒక చిన్న బృందాన్ని నడిపించే బాధ్యత కొంతకాలంగా నా మీద ఉంది కాబట్టి, మీరు చెప్పిన ఇబ్బందులన్నీ ఎదుటివైపు నుంచి కూడా చూశాను. ఆగిపోయే అలవాటు తగ్గిందని మీరు చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు గానీ, నా దృష్టిలో గుంపు ఇచ్చే అతి పెద్ద లాభం అదే. ఇంట్లో ఎఫ్ నుంచి జి సెవెన్‌కు మారేటప్పుడు వేలు తడబడితే మనం ఆగి, సర్దుకుని, మళ్లీ అందుకుంటాం. పాట మన కోసం ఆగుతుంది. వీడియో పెట్టుకుని వాయించినా బటన్ మన చేతిలోనే ఉంటుంది. ముప్పై మంది మాత్రం ఆగరు. ఎడమచేతి వేళ్లు చేరినా చేరకపోయినా కుడిచేయి తన ఊపును నిలుపుకోవాలన్న సంగతి అక్కడే ఒంటబడుతుంది. కార్డు అందనప్పుడు ఎడమచేతిని తీగలపై ఊరికే ఆనించి, మోగని దెబ్బను తాళంలో వేసేస్తే చాలు, ఆ లోపం పక్కవారికి కూడా తెలియదు.

ఇక వేగం సంగతి. ఉకులేలే తీగ మోగి త్వరగా చల్లారిపోతుంది. ఇంకా చిన్నదైన సోప్రానో సైజులో ఇది మరీ ఎక్కువ. ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య ఏర్పడే ఖాళీని భరించలేక చేతులు కాస్త ముందుకు దూకుతాయి, పక్కవారు ఆ దూకుడును అందుకుంటారు. దీనికి గది కూడా తోడవుతుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది కనుక పది మీటర్ల దూరంలో కూర్చున్నవారికి ముందు వరుస దెబ్బ దాదాపు 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. చెవిని నమ్ముకుని వాయించే వెనుక వరుసవారు ఆ మేరకు వెనకబడతారు, ముందువారు వారిని లాక్కుపోవాలని చూస్తారు. అందుకే నడిపించేవారి చేతినో పాదాన్నో కంటితో చూస్తూ వాయించమని మా వాళ్లకు చెబుతుంటాను. మీరు ముందు వరుసలో కూర్చుని చూడండి, సగం గందరగోళం అక్కడే తగ్గుతుంది. 2020లో లాక్‌డౌన్ వచ్చి కంప్యూటర్ల ముందు కూర్చున్నప్పుడు ఈ ఆలస్యం ఎంతకు పెరిగిందంటే, నాయకుడిది తప్ప అందరి మైకులూ ఆపేయక తప్పలేదు. తెరనిండా మొహాలు ఉన్నా ఎవరికి వారు ఒంటరిగా వాయించుకున్న రోజులవి.

బాదుడు గురించి కూడా ఒక మాట. మీది మీకు వినిపించాలని చేయి గట్టిపడుతుంది. వాయిద్యాన్ని ఛాతీకి మరీ అదిమిపెట్టకుండా, కొంచెం పైకెత్తి పట్టుకుంటే పెట్టె స్వేచ్ఛగా మోగి చెవికి అందుతుంది. మొదలుపెట్టే ముందు ట్యూనర్‌తో శ్రుతి తప్పకుండా సరిచూసుకోండి. మీ ఎ తీగ సెకనుకు 440 కంపనాల దగ్గర, పక్కవారిది 442 దగ్గర ఉంటే సెకనుకు రెండుసార్లు అల లాంటి ఊగిసలాట వినిపిస్తుంది. అలాంటివి ముప్పై కలిసినప్పుడు ఎవరి చెవికీ ఎవరి స్వరమూ విడిగా దొరకదు.

సమాధానం – ఒంటరి మీటు (విశాఖపట్నం)

పై సభ్యులు చెప్పినవన్నీ లయకు సంబంధించినంతవరకు నిజమే. నాదం సంగతి వచ్చేసరికి నేను వారితో ఏకీభవించలేను. లయను మెట్రోనోమ్ (తాళం లెక్కను టిక్కుటిక్కుమని వినిపించే పరికరం) పెట్టుకుని కూడా సాధించవచ్చు. నాదాన్ని మాత్రం నిశ్శబ్దంగా ఉన్న గదిలో, తన చెవితో తాను వింటూ తప్ప సాధించలేం.

ఒక ఉదాహరణ చెబుతాను. మీ ఉకులేలే మీద సి ని షడ్జమంగా తీసుకుని శంకరాభరణం రాగం స్వరాలు పలికించండి. స, రి సి తీగ మీద, గ, మ ఇ తీగ మీద వస్తాయి. పంచమం దగ్గరే తమాషా మొదలవుతుంది. దానిని గడ్డానికి దగ్గరగా ఉన్న జి తీగను ఉత్తినే మీటి పలికించవచ్చు. ధైవతం అన్నిటికన్నా కింద ఉన్న ఎ తీగ, అదీ ఉత్తినే. నిషాదానికి మళ్లీ జి తీగకు వచ్చి నాలుగో ఫ్రెట్ (వాయిద్యం మెడ మీది అడ్డమెట్టు) నొక్కాలి, పై షడ్జమానికి ఎ తీగ మూడో ఫ్రెట్. మధ్యమం నుంచి పై షడ్జమం దాకా ఏ రెండు వరుస స్వరాలూ ఒకే తీగ మీద పడవు కనుక ఒకటి మోగుతుండగానే మరొకటి దానిలో కలుస్తుంది. కాంపనెల్లా అనే ఈ పద్ధతిలోనే జాన్ కింగ్ అనే ఉకులేలే వాద్యకారుడు పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్త బాఖ్ సంగీతాన్ని వాయించారు. జి తీగ హెచ్చు స్థాయిలో ఉండటం వల్లనే ఇది సాధ్యమవుతుంది. ముప్పై మంది మీటుతున్న గదిలో ఈ స్వరాల కలయిక వినిపిస్తుందని ఎవరైనా అంటే నేను నమ్మను.

ఉకులేలే పుట్టిల్లయిన హవాయిలో పండగల్లోనూ ఇంటి వాకిళ్లలోనూ కలిసి వాయించే ఆనవాయితీ ఎంత బలమైనదో, ఒక్కరే కూర్చుని మెప్పించే పరంపర కూడా అంతే బలమైనది. ఓటా-సాన్‌గా పేరుపొందిన హెర్బ్ ఓటా ఆ తోవను తీర్చిదిద్దినవారిలో ఒకరు. ఆయన తర్వాతి తరానికి చెందిన జేక్ షిమబుకురో పేరు లోకమంతా పాకింది 2006లో యూట్యూబ్‌లోకి వచ్చిన ఒక వీడియోతో, అందులో ఆయన ఒక్కరే ఉన్నారు. మీరు ఇప్పటికే వరుసనూ కార్డులనూ కలిపి వాయించే దశకు చేరారు. తెరపై కనిపించే సి, ఎఫ్, జి సెవెన్‌లనే ఏడాది పొడవునా బాదడం వల్ల ఆ చేయి వెనక్కి పోతుందని నా అభిప్రాయం. స్నేహం కోసం వెళ్లండి, కాదనను. సాధన కోసమని వెళ్లకండి.

సమాధానం – హాలిఫాక్స్ నుంచి

ఇద్దరు పెద్దలూ మన్నించాలి. మీ వాదనలో గుంపు అంటే అందరూ ఒకే కార్డును ఒకే తీరున మీటడమే అన్న ఊహ ఇద్దరిలోనూ ఉంది. నేనుండే ఈ కెనడా ఊరిలో ఆ ఊహకు విరుద్ధమైన చరిత్ర ఉంది. 1960ల చివర్లో చామర్స్ డోన్ అనే సంగీత విద్యాధికారి ఇక్కడి బడులలో ఉకులేలేను ప్రవేశపెట్టి, పిల్లలకు స్వరలిపి చదవడం నేర్పించారు. జి, సి, ఇ, ఎ బదులు ఒక స్వరం పైకి జరిపిన ఎ, డి, ఎఫ్ షార్ప్, బి శ్రుతిని వాడారు. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, పిల్లలందరికీ ఒకే పని ఇవ్వలేదు. కొందరు పాట వరుసను, కొందరు దానికి జోడైన రెండో వరుసను, మిగిలినవారు కార్డులను వాయించేవారు. మీరుండే బ్రిటన్‌లోనే 1985లో పుట్టిన ఉకులేలే ఆర్కెస్ట్రా ఆఫ్ గ్రేట్ బ్రిటన్ కచేరీని చూసినా ఇదే తెలుస్తుంది. ఒకరు బేస్ పట్టుకుంటారు, ఒకరు పైస్థాయిలో వరుసను లాగుతారు, ఇంకొకరు రెండు దెబ్బలు వేసి ఊరుకుంటారు.

కనుక షెఫీల్డ్ వారికి నా సలహా: క్లబ్బు మానవద్దు, క్లబ్బులో మీ పని మార్చుకోండి. అందరూ సి కార్డును ఎ తీగ మూడో ఫ్రెట్ మీద ఒక్క వేలితో పట్టుకుంటున్నప్పుడు మీరు అదే కార్డును జి, సి, ఇ, ఎ తీగలపై వరుసగా 5, 4, 3, 3 ఫ్రెట్లతో పట్టుకోండి. అదే సి కార్డు కాస్త పైస్థాయిలో వినిపిస్తుంది, గుంపు మధ్యలో మీ నాదం మీ చెవికి దొరుకుతుంది. బాదవలసిన అవసరమే ఉండదు. ఇంకొక పాటలో ప్రతి ఆవర్తానికి మొదటి దెబ్బ ఒక్కటే వేసి మిగతా మూడూ వదిలేయండి. పాట ఎక్కడ పరుగెడుతోందో అప్పుడు మీకు స్పష్టంగా తెలుస్తుంది. నడిపించేవారు ఒప్పుకుంటే చరణాల మధ్య వచ్చే వాద్యభాగంలో పాట వరుసను మీరు వేళ్లతో మీటవచ్చు, ఆ కాసేపు మిగిలినవారు చేయి తేలిక చేస్తారు. మన భజన గోష్ఠిలో తాళాలు వేసేవారు, వంత పాడేవారు, ముందు అందించేవారు వేరువేరుగా ఉండటం లాంటిదే ఇది.

సమాధానం – కూకట్‌పల్లి సాయంత్రాలు (హైదరాబాద్)

ముప్పై మంది, ఒక్కరు అన్న రెండు కొసల మధ్య మాది నలుగురి బృందం. మా అపార్ట్‌మెంట్‌లోనే కలుస్తాం. నలుగురిలో దాక్కోవడం కుదరదు. ఎవరి తీగ శ్రుతి తప్పినా, ఎవరు కార్డు ఆలస్యంగా మార్చినా అప్పుడే బయటపడుతుంది. అయినా పాట ఆగదు. విశాఖ వారు చెప్పిన నాదమూ, న్యూజెర్సీ వారు చెప్పిన లయా ఈ పరిమాణంలో రెండూ దొరుకుతాయని మా అనుభవం.

తెలుగు పాటల విషయంలో ఒక సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. ఇంటర్నెట్‌లో ఎక్కువగా నేర్పే మీటు పద్ధతి నాలుగు దెబ్బల లెక్కకు కట్టినది. మన జానపదాలలో, సినిమా పాటలలో తిశ్రగతిలో, అంటే మూడు లెక్కలో నడిచేవి ఎన్నో ఉన్నాయి. ఒంటరిగా వాయించేటప్పుడు పాటను తెలియకుండానే సాగదీసి ఆ నాలుగులో ఇరికించేస్తాం, మనకు బాగానే అనిపిస్తుంది. నలుగురు కూర్చున్నప్పుడు ఇద్దరు నాలుగు లెక్కలో, ఇద్దరు మూడు లెక్కలో పడి పాట రెండుగా చీలిపోతుంది. మేము వాయిద్యాలు పక్కనపెట్టి, చేతితో తాళం వేస్తూ ఒక చరణం పాడి, ఆ తర్వాతే తీగలు ముట్టుకుంటాం. మరొకటి, మా బృందంలో ఇద్దరు స్త్రీలు, ఇద్దరు పురుషులు. ఒకే శ్రుతి నలుగురి గొంతుకూ నప్పదు. పల్లవి ఒకరు, చరణం మరొకరు పాడుతూ, పాడనివారు వాయిద్యంపైనే మనసు పెట్టేలా పంచుకున్నాక వాయించే తీరు బాగుపడింది.

షెఫీల్డ్ నుంచి

అందరికీ ధన్యవాదాలు. నిన్న 5-4-3-3 పద్ధతిని ఇంట్లో పట్టి చూశాను; చిటికెన వేలు చాచడానికి ఇంకా మొండికేస్తోంది గానీ నాదం నిజంగానే వేరుగా ఉంది. ముందు వరుసలో కూర్చోవడం, మొదటి దెబ్బ ఒక్కటే వేయడం ఈ వారమే మొదలుపెడతాను. ఒక చివరి సందేహం. మా క్లబ్బులో కింది స్థాయి నాదం బొత్తిగా లేదు, అన్నీ పైస్థాయిలోనే గలగలలాడతాయి. నా జి తీగను తీసేసి కింది స్థాయి జి వేసుకుంటే గుంపుకు ఉపయోగమా?

సమాధానం – తాళమానం (న్యూజెర్సీ)

గుంపుకు ఉపయోగమే, మీకు మాత్రం నష్టం. విశాఖ వారు వివరించిన ఆ మ, ప, ద, ని, స అల్లిక జి తీగ మారిన మరుక్షణం పోతుంది, ఇప్పటిదాకా వేళ్లకు అలవాటైన పాటలన్నీ తిరగరాసుకోవాలి. దానికన్నా క్లబ్బులో ఎవరి దగ్గరైనా బారిటోన్ (పెద్ద సైజు ఉకులేలే) ఉంటే అడిగి తీసుకోండి. దాని తీగలు డి, జి, బి, ఇ. గిటారు చివరి నాలుగు తీగల శ్రుతే. మీకు తెలిసిన చేతి ఆకారాలన్నీ పనికివస్తాయి, పేర్లు మాత్రం మారతాయి. తెరపై సి కనిపించినప్పుడు మీరు ఇప్పుడు ఎఫ్‌కు పట్టే 2-0-1-0 ఆకారం (0 అంటే నొక్కకుండా వదిలిన తీగ) పట్టాలి, ఎఫ్ కనిపిస్తే 3-2-1-1, జి సెవెన్ కనిపిస్తే 0-0-0-1. ముందుగా ఈ మూడు కార్డులతోనే నడిచే పాట ఒకటి ఎంచుకుని, మీటడం తగ్గించి, బొటనవేలితో డి, జి తీగలను మాత్రమే తాళానికి ఒకసారి చొప్పున మోగించండి.