కొండదారిలో గుర్రంపై వెళ్తూ ఫొటోలు తీయడం ఎలా?

వేళచ్చేరి_వాసి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. చెన్నైలో ఉంటున్న ఐదుగురు స్నేహితులం కలిసి వచ్చే ఆగస్టులో కిర్గిజ్‌స్థాన్ వెళ్తున్నాము. అక్కడ కిజార్ట్ అనే ఊరి నుంచి సోంగ్ కుల్ సరస్సు దాకా, గైడు వెంట గుర్రాలపై మూడు రోజుల ప్రయాణం కుదుర్చుకున్నాము. సరస్సు 3,016 మీటర్ల ఎత్తున ఉంది, దారిలో దాటవలసిన కనుమలు అంతకన్నా ఎత్తు. నా స్వారీ అనుభవమంతా చిన్నప్పుడు మెరీనా ఇసుకలో గుర్రంవాడు పగ్గం పట్టుకుని నడిపిస్తుండగా ఐదు నిమిషాలు కూర్చోవడమే.

నా దగ్గర ఒక మిర్రర్‌లెస్ కెమెరా, 24-105 లెన్సు (విశాల దృశ్యం నుంచి మధ్య దూరం దాకా పనికొచ్చేది), 70-200 లెన్సు (దూరపువాటిని దగ్గరగా చూపేది) ఉన్నాయి. గుర్రం కదులుతుండగా కెమెరాను ఎక్కడ ఉంచుకోవాలి, ఏ షట్టర్ వేగం పెట్టుకోవాలి, రెండు లెన్సులూ అవసరమా అన్నవి నా సందేహాలు. ఇలాంటి ప్రయాణాలు చేసి వచ్చినవారి ఫొటోలు చాలా చూశాను గాని, వాటిలో సగం ముందు వెళ్తున్న గుర్రం తోకతోనే నిండి ఉన్నాయి. ఆ సగంలో నావి కూడా చేరకుండా ఉండాలంటే ఏం చేయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాతలెన్సు ఇచ్చిన సమాధానం:

రెండేళ్ళ క్రితం నేను అదే సరస్సుకు వేరే దారిలో వెళ్ళి వచ్చాను. ముందుగా మీ తోక ఫొటోల సంగతి చెబుతాను, ఎందుకంటే మిగతా ప్రశ్నలకు జవాబు కూడా అందులోనే ఉంది. కొండదారి సన్నగా ఉంటుంది, గుర్రాలు ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి, కాబట్టి జీనుమీద కూర్చున్నవారికి కనిపించేది ఎలాగూ ముందరి గుర్రం వెనకభాగమే. కాస్త ఆగి, అందరినీ ముందుకు పోనిచ్చి, దూరం నుంచి తీద్దామనుకుంటే మీ గుర్రం ఒప్పుకోదు. గుర్రం మంద జంతువు; తోటివి వెళ్ళిపోతుంటే ఒంటరిగా నిలబడలేక అటూ ఇటూ కదిలి, చివరకు మీరు ఆపినా ఆగకుండా పరుగెత్తి వాటిని కలుసుకుంటుంది. నేను మొదటి రోజు చేసిన తప్పు సరిగ్గా ఇదే. మెడలో వేలాడుతున్న కెమెరా ఆ పరుగులో జీను ముందుకొమ్ముకు రెండుసార్లు కొట్టుకుని, లెన్సు మీది ఫిల్టరు పగిలింది. లెన్సు దక్కడం నా అదృష్టం.

కాబట్టి మంచి ఫొటోలు నేలమీద నిలబడి తీసినవే అవుతాయని ముందే మనసులో పెట్టుకోండి. బయలుదేరడానికి ముందు రోజు రాత్రి గైడుతో కూర్చుని, మీకు ఎలాంటి ఫొటోలు కావాలో ఫోనులో రెండు మూడు చూపించండి. భాష రాకపోయినా ఫొటో చూస్తే అర్థమవుతుంది. దారి ఎక్కడ వంపు తిరుగుతుందో, ఏ మలుపు నుంచి చూస్తే వరుస మొత్తం కొండవాలు మీద కనబడుతుందో మనకన్నా అతనికే బాగా తెలుసు. రోజుకు రెండు మూడు చోట్ల అందరూ ఆగేలా ఒప్పందం చేసుకోండి. మీరు దిగి, మీ పగ్గాలు అతని చేతికిచ్చి, వంద అడుగులు ముందుకు నడిచి నిలబడ్డాక మిగతావారిని కదలమనండి. అప్పుడు గుర్రాలు మీవైపు వస్తాయి, మొహాలు కనిపిస్తాయి, వెనక కొండ కూడా ఉంటుంది. రోజంతా జీనుమీద నుంచి తీసిన మూడు వందల ఫొటోలలో నేను ఉంచుకున్నవి నాలుగే. ఇలా దిగి తీసిన ముప్పైలో పన్నెండు ఉన్నాయి.

జీనుమీద నుంచి అసలు తీయవద్దని కాదు. మీ గుర్రం రెండు చెవుల మధ్య నుంచి లోయను చూపించే ఫొటో ఒకటి తప్పక తీసుకోండి, అది స్వారీ చేసినవారికే దక్కుతుంది. అయితే అది నెమ్మదిగా నడుస్తున్నప్పుడు, చదునైన చోట మాత్రమే తీయాలి. పగ్గాలు ఎడమచేతిలో, కెమెరా కుడిచేతిలో ఉండాలి. దిగుడు దారిలో రెండు చేతులూ పగ్గాలకే ఉంచండి. కెమెరాను మెడలో కాకుండా భుజం మీదుగా అడ్డంగా వేసుకుని, నడుము చుట్టూ మరో పట్టీతో ఒంటికి బిగించుకోండి. జీను సంచిలో మాత్రం పెట్టవద్దు, గుర్రం రాతికో చెట్టుకో ఒరుసుకుంటూ పోతే ముందుగా నలిగేది ఆ సంచే.

లెన్సుల విషయంలో నాది గట్టి అభిప్రాయం: 24-105 ఒక్కటి చాలు. గుర్రంమీద కూర్చుని దుమ్ములో లెన్సు మార్చడం కుదిరే పని కాదు, ఆ బరువుకు బదులు ఇంకో రెండు బ్యాటరీలు పెట్టుకోండి.

మెరీనా_సాయంత్రం ఇచ్చిన సమాధానం:

పైవారు చెప్పినదంతా ఒప్పుకుంటాను గాని, లెన్సు విషయంలో కాదు. సరస్సు ఒడ్డున సాయంత్రం గుర్రాల మందలు తిరుగుతున్నప్పుడు, దగ్గరికి వెళ్ళి వాటిని బెదరగొట్టకుండా తీయాలంటే 70-200 కావలసిందే. పగలు సామానులో భద్రంగా చుట్టి ఉంచి, గుడారం చేరాక బయటికి తీయండి. ఆగస్టులో అక్కడ సూర్యుడు రాత్రి ఎనిమిది గంటల ప్రాంతంలో అస్తమిస్తాడు, కాబట్టి రోజు స్వారీ ముగిశాక కూడా మంచి వెలుగు చాలాసేపు మిగిలి ఉంటుంది.

షట్టర్ వేగానికి నా లెక్క ఇది. మీరు నేలమీద ఉండి, గుర్రం నడుస్తుంటే 1/500 సెకను సరిపోతుంది. ట్రాట్ (చిన్న పరుగు) అయినా దౌడు అయినా 1/1000 కన్నా తగ్గవద్దు. మీరే గుర్రంమీద ఉంటే, అది నడుస్తున్నా సరే, మీ శరీరం కదులుతుంది గనుక 1/1000 పెట్టి, ఐఎస్‌వో (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అమరిక)ను ఆటోలో వదిలేయండి. నడిచే గుర్రాన్ని తీసేటప్పుడు మీవైపున్న ముందుకాలు బాగా ముందుకు చాచిన క్షణంలో నొక్కితే గుర్రం నిండుగా కనిపిస్తుంది. కాళ్ళన్నీ కిందికి నిటారుగా ఉన్న క్షణంలో తీస్తే బల్లకు కాళ్ళు పెట్టినట్టు ఉంటుంది. పరుగులో గుర్రం నాలుగు డెక్కలూ ఒకేసారి గాలిలో ఉండేది కాళ్ళు పొట్టకిందికి ముడుచుకున్నప్పుడని 1878లో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫరు వరుస కెమెరాలతో తీసి చూపేదాకా, చిత్రకారులు ముందుకాళ్ళు ముందుకూ వెనకకాళ్ళు వెనక్కీ చాపి బొమ్మలు వేసేవారు. కంటికి అందని ఆ క్షణం కోసం మనం ఒక్క నొక్కులో వరుసగా చాలా ఫొటోలు తీసే బరస్ట్ మోడ్‌నే నమ్ముకోవాలి.

ఇవన్నీ కిర్గిజ్‌స్థాన్ దాకా వెళ్ళి నేర్చుకోనక్కరలేదు. ఒక ఆదివారం సాయంత్రం మెరీనాకు వెళ్ళి, గుర్రంవాడికి అడిగినంత ఇచ్చి గంటసేపు సాధన చేయండి. రోడ్డువైపు నిలబడితే వెలుగు మీ వెనక నుంచి పడుతుంది, ఫొటో తేలిక. సముద్రంవైపు నిలబడితే ఆకాశం తెల్లబడి గుర్రం నల్లగా పోతుంది. కనుమ మీద మీకు ఎదురయ్యే చిక్కు కూడా అదే. అప్పుడు కెమెరా పట్టిన వివరాలన్నీ దాచి ఉంచే రా ఫార్మాట్‌లో, ఆకాశం చెడిపోకుండా ఎక్స్‌పోజర్ తగ్గించి తీసి, నీడలను తరువాత పైకి లాగడం అలవాటు చేసుకోండి. అక్కడి గైడు తెల్లటి ఊలు టోపీ పెట్టుకుంటే దానికీ ఇదే సూత్రం.

వేళచ్చేరి_వాసి:

ఇద్దరికీ ధన్యవాదాలు. వచ్చే ఆదివారమే మెరీనాకు వెళ్తాను. ఒక చిన్న సందేహం మిగిలింది. మధ్యాహ్నాలు అక్కడ హఠాత్తుగా వాన పడుతుందని అంటున్నారు. కెమెరాకు ప్లాస్టిక్ తొడుగు కొన్నాను, అది చాలునా?

అంబత్తూరు_అన్న ఇచ్చిన సమాధానం:

తొడుగు మంచిదే, కాని గుర్రంమీద కూర్చున్నాక దాన్ని సంచిలోంచి లాగి తొడగవద్దు. ప్లాస్టిక్ గరగరలాడే చప్పుడుకు, గాలికి రెపరెపలాడే రెయిన్‌కోటుకు బాగా మచ్చికైన గుర్రం కూడా బెదురుతుంది. మబ్బు పట్టగానే దిగి, గైడు గుర్రాన్ని పట్టుకున్నాక, మీ కోటూ కెమెరా తొడుగూ అప్పుడే వేసుకోండి. నేలమీద ఉన్నప్పుడు కూడా గుర్రం వెనక నుంచి వెళ్ళకండి. తన వెనక నేరుగా ఉన్నదీ, నుదుటికి మరీ దగ్గరగా ఉన్నదీ దానికి కనబడవు. భుజంవైపు నుంచి మాట్లాడుతూ దగ్గరికి వెళ్ళండి.

ఇక చలి సంగతి. ఏసీ గదిలోంచి కెమెరాను మే నెల ఎండలోకి తెస్తే లెన్సుకు ఎలా ఆవిరి పడుతుందో చెన్నైవాళ్ళకు చెప్పనక్కరలేదు. అక్కడ రాత్రి బయట నక్షత్రాలు తీసి, పొయ్యి వెలుగుతున్న గుడారంలోకి అడుగు పెడితే జరిగేది అదే. లోపలికి రాకముందే కెమెరాను జిప్ కవర్లో పెట్టి మూసి, గంట తరువాత తెరవండి. బ్యాటరీలను మాత్రం బయటికి తీసి, పడుకునేటప్పుడు దుప్పటిలో మీ పక్కనే పెట్టుకోండి. చలికి వాటి శక్తి త్వరగా పడిపోతుంది, గుడారాల దగ్గర ఛార్జింగు దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.