యాసిడ్ పడి తెల్లబడ్డ మొజాయిక్ గచ్చుకు మళ్లీ మెరుపు వస్తదా?

హన్మకొండ_పాతిల్లు:
35 ఏళ్ల కిందటి ఇల్లు. 12×15 హాల్ల గాజు పట్టీలు పెట్టి పోసిన బూడిద రంగు మొజాయిక్. పెయింట్ చుక్కలు పోవాలని పనోళ్లు బాత్రూం యాసిడ్ పోసి కడిగిన్రు. దర్వాజ దగ్గర 4 అడుగుల మేర తెల్లగ, గరుకుగ అయింది. బీరువ కాళ్ల కింద తుప్పు మరకలు వేరే ఉన్నయి. మైనం పాలిష్ రుద్దితే రెండు రోజులే ఉంటున్నది. తవ్వి టైల్స్ వెయ్యమంటున్రు, నాకు మనసొప్పుతలేదు.

గచ్చుపని_కాజీపేట:
తవ్వకండి అన్నా. ముందు ఆ తెల్లమచ్చ మీద నీళ్లు చల్లి చూడండి. తడి ఉన్నంతసేపు కనబడక, ఆరంగనే మళ్లీ తేలితే అది మరక కాదు, యాసిడ్ తిన్న జాగ. పాలరాతి చిప్స్ యాసిడ్ తగిలితే నురగ కట్టి కరుగుతయి. చుట్టూ సిమెంటు గూడ గుల్లయితది. వేలితో రాస్తే ఇసుక లెక్క తగులుతది. దాని మీద మైనం నిలవదు, అరగదియ్యాల్సిందే.

బకెట్ నీళ్లల్ల గుప్పెడు వంటసోడా కలిపి ముందు కడగాలె, మిగిలిన యాసిడ్ విరిగిపోతది. తర్వాత నీళ్లు పోసుకుంట 60 నంబరు అరగదీసే రాయితోని మిషన్ తిప్పాలె (నంబరు పెరిగినకొద్ది రాయి సన్నగుంటది). గుంటలు తేల్తయి, వాటిల్ల సిమెంటు పాలు రుద్ది నింపి, వారం దాక తడి ఆరనియ్యొద్దు. ఆపైన 120, దాని తర్వాత 320. మధ్యల 120 ఎగ్గొడితే 60 రాయి గీతలు పోవు. పాలిష్ అయినంక కిటికీ వెలుతురుకు అడ్డంగ చూస్తే అన్నీ కనబడతయి.

మచ్చ ఒక్కదాన్నే అరగదీస్తే అక్కడ పల్లం పడి నీళ్లు నిలుస్తయి. గాజు పట్టీ నుంచి గాజు పట్టీ దాక గడి మొత్తం తీయించండి.

సిమెంటు పాలు ఆరినంక రంగు తేలిపోతది. మామూలు సిమెంటు, తెల్ల సిమెంటు పాళ్లు మార్చి మూడు నమూనాలు మంచం కింద పెట్టి చూడండి. కుదిరిన పాళ్లతోని పొడి మొత్తం ఒక్కసారే కలిపి పెట్టుకోండి, రెండోసారి కలిపితే రంగు కలవదు.

ఓరుగల్లు_రాయి:
ఇంత పని ఎందుకు, ఆక్జాలిక్ యాసిడ్ పొడి రుద్దితే చాలదా?

గచ్చుపని_కాజీపేట:
చాలదు. అది నున్నగున్న రాయికే మెరుపు ఇస్తది. 320 అయినంక చదరపు మీటరుకు 33 గ్రాములు చల్లి, నీళ్లు చిలకరించి, ఉన్ని గుడ్డల ముద్దతో గట్టిగ రుద్దాలె. ఈ హాలు మొత్తానికైతే అరకిలో పైచిలుకు పడ్తది. మర్నాడు తడిగుడ్డతో తుడవండి.

తుప్పుకూ అదే పొడి పనికొస్తది గని, 320 కంటే ముందే పెట్టాలె. పేస్టు చేసి 10 నిమిషాలు ఉంచి కడిగెయ్యండి. ఎక్కువసేపు ఉంచితే చిప్స్ మసకబడతయి. విషం కాబట్టి చేతులకు గ్లౌజులు ఉండాలె. యాసిడ్ పడ్డ చోట బ్లీచింగ్ పౌడర్ అసలే చల్లొద్దు, క్లోరిన్ గ్యాస్ లేస్తది.

హన్మకొండ_పాతిల్లు:
పైన వార్నిష్ లెక్క ఏమన్న కొట్టించాల్నా?

ఓరుగల్లు_రాయి:
వద్దు. నేల చెమ్మ పైకి రాంగనే ఆ పొర పొక్కులు లేచి ఊడుతది. రాయి లోపలికి ఇంకే సీలర్ అయితే ఫరవాలేదు, అదీ గచ్చు పూర్తిగ ఆరినంకనే. ఇంకొకటి, అరగదీసిన బురద బాత్రూం తూములకు పోనియ్యకండి. అడుగున పేరుకుని గట్టిపడితే పైపు పగలగొట్టాల్సి వస్తది. బకెట్లకెత్తి బయట పోయించండి.