పాత బొలెరో పికప్ ఇగ్నిషన్ స్విచ్: కొత్తది వేయాలా, పుష్ బటన్‌తో డైరెక్ట్ చేయాలా?

పొదలకూరు_నిమ్మ:
అన్నలూ, మాది 2011 మోడల్ బొలెరో పికప్. నిమ్మకాయల లోడు కొడతాం, సీజన్‌లో రొయ్యల చెరువులకు ఐసు తోలతాం. కొన్నాళ్లుగా ఒకటే తంటా. కీ తిప్పితే సెల్ఫ్ పడుతుంది, ఇంజన్ అందుకుంటుంది, కీ వదలగానే ఠక్కున ఆగిపోతుంది. కీని కాస్త ముందుకు నొక్కి పట్టుకుంటే నడుస్తుంది. మొన్న నెల్లూరు దగ్గర పెన్నా బ్రిడ్జి మీద చిన్న కుదుపుకే డాష్‌బోర్డు లైట్లన్నీ ఆరిపోయి బండి నిలబడింది. మాకు తెలిసిన మిస్త్రీ స్విచ్ పీకేసి ఒక టోగుల్ స్విచ్, ఒక పుష్ బటన్ పెట్టి కీతో పని లేకుండా డైరెక్ట్ చేస్తానంటున్నాడు. బండిలో సగం వాటా మా బావది. ఆయన కూడా అది చాల్లే అంటున్నాడు. ఏం చేయమంటారు?

పాతబండి_కందుకూరు:
ఆలోచించేదేముంది అబ్బయ్యా, బటన్ పెట్టించు. నా బండ్లకు ఏళ్ల తరబడి అదే. కొత్త కీ సెట్ ఖర్చులో పదో వంతు కూడా కాదు. పైగా ఇప్పుడు దొరికే డూప్లికేట్ స్విచ్‌లు ఏడాది కూడా ఆగడం లేదు.

చీమకుర్తి_రాయి:
బటన్ పెడితే ఎవడైనా తోలుకుపోతాడు గదన్నా.

పాతబండి_కందుకూరు:
పదిహేనేళ్ల పికప్‌ను తోలుకుపోయేవాడికి నేనే డీజిల్ పోయించి పంపిస్తా.

ఆటోవైరింగ్_కావలి:
నిమ్మ గారూ, ముందు జబ్బేందో చూసుకోండి, మందు సంగతి తర్వాత. ఇగ్నిషన్ అంటే ఒకటే వస్తువు కాదు. కీ దూరే తాళం ఒకటి, దాని వెనకాల కరెంటు కలిపే స్విచ్ ఒకటి. మీ కీ సాఫీగా తిరుగుతోంది కాబట్టి తాళం బాగానే ఉన్నట్టు. స్టార్ట్‌లో కరెంటు వస్తోంది, ఆన్‌లో రావడం లేదు. అంటే వెనక స్విచ్‌లో ఆన్ కాంటాక్ట్ అరిగిపోవాలి, లేదా కప్లర్‌లో, అంటే వైర్లు స్విచ్‌కు కలిసే ప్లగ్గులో, పిన్ను కాలిపోవాలి. డీజిల్ పంపు మీదుండే స్టాప్ సోలినాయిడ్‌కు (కరెంటుతో డీజిల్ దారి తెరిచే వాల్వు) ఆన్‌లో పన్నెండు వోల్టులు అందకపోతే డీజిల్ ఆగిపోతుంది, ఇంజన్ ఆగిపోతుంది. మీకు జరుగుతున్నది అదే అనిపిస్తోంది.

ఖాయం చేసుకోవాలంటే మల్టీమీటర్ ఎర్ర ముల్లు బ్యాటరీ ప్లస్ మీద, నల్ల ముల్లు స్విచ్ నుంచి బయటికి పోయే ఇగ్నిషన్ వైరు మీద పెట్టి కీ ఆన్ చేయండి. స్విచ్ మంచిదైతే దాదాపు సున్నా చూపిస్తుంది. అర వోల్టు దాటితే ఆ దారిలో ఎక్కడో వోల్టేజీ పోతున్నట్టే. మీటర్ పెట్టి ఉంచి కీని అటూ ఇటూ కొంచెం కదిలించండి, అంకె గెంతితే దొంగ దొరికినట్టే. స్టీరింగ్ కింద కవర్ విప్పి కప్లర్‌ను చేత్తో పట్టుకుని కూడా చూడండి. వేడిగా ఉన్నా, తెల్ల ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగినా అది సగం కాలినట్టు.

చాలా బండ్లకు వెనక స్విచ్ ఒక్కటే విడిగా దొరుకుతుంది, రెండు చిన్న స్క్రూలతో ఉంటుంది. అప్పుడు మీ తాళం, డోరు కీ, ఏవీ మారవు. దాంతోపాటు సెల్ఫ్‌కు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) ఉందో లేదో చూడండి, లేకపోతే పెట్టించండి. సెల్ఫ్ సోలినాయిడ్ లాగే కరెంటంతా స్విచ్ గుండానే పోతే ఏ స్విచ్ అయినా తొందరగా కాలుతుంది. రిలే ఉంటే స్విచ్ స్టార్ట్ కాంటాక్ట్ మీద ఒక ఆంపియర్ కూడా పడదు. ముప్ఫై పిన్నుకు బ్యాటరీ నుంచి ఫ్యూజుతో లావు వైరు, ఎనభై ఏడు నుంచి సోలినాయిడ్‌కు, ఎనభై ఆరుకు కీ స్టార్ట్ వైరు, ఎనభై ఐదు ఎర్త్‌కు. అంతే. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి.

పాతబండి_కందుకూరు:
స్టార్ట్ బాగానే ఉందని నువ్వే అంటివి, మళ్లీ స్టార్ట్‌కు రిలే ఎందుకు? పోయింది ఆన్ కాంటాక్ట్. దానికి నీ రిలే ఏం చేస్తుంది? ఇక నెగటివ్ తీయడం ఒకటి. ఏ టెర్మినల్ తీసినా కరెంటు పోతుంది కదా, నెగటివే ఎందుకు? పుస్తకం చదివి చెప్పినట్టుంది.

ఆటోవైరింగ్_కావలి:
ఇప్పుడున్న జబ్బుకు రిలే మందని నేను అనలేదు, కొత్త స్విచ్ కాలకుండా పెట్టమన్నాను. నెగటివ్ ఎందుకంటే, ప్లస్ నట్టు విప్పేటప్పుడు స్పానర్ బాడీకి తగిలితే పెద్ద నిప్పురవ్వ. బాడీ మొత్తం నెగటివే కాబట్టి నెగటివ్ విప్పేటప్పుడు తగిలినా ఏమీ కాదు. ముందు నెగటివ్ తీస్తే తర్వాత ప్లస్ దగ్గర భయం లేదు. బిగించేటప్పుడు నెగటివ్ ఆఖరున.

పాతబండి_కందుకూరు:
నేను ఇన్నేళ్లు ప్లస్ తీస్తున్నా, ఒక్కసారి కూడా నిప్పు రాలేదు.

చీమకుర్తి_రాయి:
హెల్మెట్ లేకుండా తిరిగేవాళ్లు కూడా ఇదే అంటారు.

ఒంగోలు_డిప్లమా:
నా చదువుకు సంబంధించిన సంగతి కాబట్టి ఒకటి చెప్తా. 2014లో అమెరికాలో జనరల్ మోటార్స్ ఈ ఇగ్నిషన్ స్విచ్ కోసమే లక్షల కార్లు వెనక్కి పిలిపించింది. స్విచ్ లోపల పట్టు తక్కువ. గుత్తి బరువుకో, కుదుపుకో కీ ఆన్ నుంచి జారిపోయేది. ఇంజన్ ఆగేది, పవర్ స్టీరింగ్ బరువెక్కేది, ఎయిర్‌బ్యాగులు పని చేసేవి కావు. ఆ కంపెనీ పెట్టిన పరిహార నిధి 124 మరణాలకు డబ్బు కట్టింది. నిమ్మ అన్నా, మీ కీ గుత్తి ఎంత బరువుంది?

పొదలకూరు_నిమ్మ:
గోడౌను తాళాలు, మోటారు షెడ్డు తాళం, ఇంటిది, ఆంజనేయస్వామి బిళ్ల... బరువే.

ఆటోవైరింగ్_కావలి:
ఇవాళే విడదీయండి. బండి కీ ఒక్కటే వేలాడాలి. స్వామి బిళ్లను డాష్‌బోర్డు మీద పెట్టుకోండి.

పాతబండి_కందుకూరు:
అమెరికా కార్ల గొడవ మన నిమ్మకాయల బండికెందుకు నాయనా.

అల్లూరు_కాలువ:
ఐసు తోలే బండ్లలో ఇంకోటుంది. ఉప్పునీళ్లు, చెరువుగట్టు గాలి. మా బండిలో ఫ్యూజు బాక్సు పచ్చగా చిలుం పట్టింది. స్విచ్ మార్చే ముందు అదీ ఒకసారి చూడండి.

పాతబండి_కందుకూరు:
అందరూ కలిసి ఒక స్విచ్‌ను మొత్తం వైరింగ్ దాకా లాక్కొచ్చారు. అబ్బయ్యా, ఇట్లాంటి వాళ్ల మాట వింటే బండి మూడు రోజులు షెడ్లో ఉంటుంది. నిమ్మకాయలు మూడు రోజులు ఆగుతాయా? నష్టం వీళ్లు కడతారా?

టంగుటూరు_డ్రైవరు:
చాలాసేపటి నుంచి చదువుతున్నా, ఇక ఆగలేక రాస్తున్నా. నేను తోలిన ఒక బండికి ఇట్లాగే టోగుల్, బటన్. ఓనర్ పేరు అనవసరం. లోడుతో దిగుడులో వస్తుంటే టోగుల్ వైరు ఊడింది, ఇంజన్ ఆగింది. డీజిల్ బండి ఆగితే ఏమవుతుందో బటన్ పెట్టించేవాళ్లకు తెలుసా? బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ పంపు తిరగదు. బ్రేకు ఒకటి రెండుసార్లు పడుతుంది, తర్వాత రాయి తొక్కినట్టే. స్టీరింగ్ బిగుసుకుపోతుంది. రెండు చేతులతో లాగి మార్జిన్లోకి దింపా. దింపాక ఓనర్ ఏమన్నాడో తెలుసా? లోడు లేటైందని నా బత్తాలో కోత పెట్టాడు.

పాతబండి_కందుకూరు:
వైరు ఊడిందంటే కట్టినవాడి పని తప్పు, బటన్ తప్పు కాదు. సరిగ్గా కట్టిస్తే ఊడదు.

టంగుటూరు_డ్రైవరు:
సరే, స్టీరింగ్ లాక్ సంగతి చెప్పండి. బటన్ పెట్టాక కీ అవసరం లేదని జేబులో వేసుకుంటారు. కీ బయట ఉంటే స్టీరింగ్ తిప్పినప్పుడు లాక్ పడుతుంది. నడుస్తున్న బండిలో పడితే?

పాతబండి_కందుకూరు:
కీ లోపలే వదిలేయాలి. లేదా లాక్ పిన్ను కోసేయాలి. మేం కోసేశాం. డ్రైవర్లకు ఏదో ఒక సాకు కావాలి. బండి ఆగితే స్విచ్, లేటైతే ట్రాఫిక్, డీజిల్ తగ్గితే ట్యాంకు లీకు.

టంగుటూరు_డ్రైవరు:
ఇప్పుడు బయటపడింది అసలు మాట. మీ బండి మీరు తోలుకుంటే బటన్ పెట్టుకోండి, తాడు కట్టుకోండి, మీ ఇష్టం. ఇంకొకడి చేతికి ఇచ్చి రోడ్డు మీదికి పంపే బండికి ఏం పెట్టాలో మీరొక్కరే ఎట్లా తేలుస్తారు? ఖర్చు మిగిలితే మీకు, తేడా వస్తే నాకు. మాట్లాడుతున్నది స్విచ్ గురించి కాదు.

పాతబండి_కందుకూరు:
కిస్తీలు కట్టేది నేను. టైర్లు, ఇన్సూరెన్స్, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) నేను. నెలాఖరుకు మిగలకపోయినా నీ జీతం నేనే ఇవ్వాలి. అప్పుడు మాత్రం ఏ డ్రైవరూ వాటా అడగడు.

ఆటోవైరింగ్_కావలి:
ఇన్సూరెన్స్ మాటెత్తారు కాబట్టి, ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా టోగుల్‌కు వైరు లాగిన బండి అంటుకుంటే క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు. ఎనిమిదేళ్లు దాటిన ట్రాన్స్‌పోర్ట్ బండికి ఎఫ్‌సీ ఏటా తప్పదు కదా, అక్కడైనా ఎవరో ఒకరు ఆ వేలాడే వైర్లు చూస్తారు. నా దగ్గరికి బటన్ పెట్టమని వస్తారు. నేనూ పెట్టా, కాదనను. కానీ ఫ్యూజు లేకుండా పెట్టనంటే పక్క షెడ్డుకు పోతారు.

ఒంగోలు_డిప్లమా:
పోనీ, బ్యాటరీకి కట్ ఆఫ్ స్విచ్ పెడితే?

ఆటోవైరింగ్_కావలి:
బండి ఆపాక తిప్పడానికైతే మంచిదే. ఇంజన్ నడుస్తుండగా తిప్పితే ఆల్టర్నేటర్ డయోడ్లు పోవచ్చు.

పొదలకూరు_నిమ్మ:
కవర్ విప్పా. కప్లర్‌లో లావు ఎర్ర వైరు పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగి గోధుమ రంగులో ఉంది, చేత్తో లాగితే ఆ వైరు ఊగుతోంది. మీటర్‌లో ఒకటిన్నర వోల్టు పోతోంది, కీ కదిలిస్తే ఇంకా పెరుగుతోంది. వెనక స్విచ్, కప్లర్ రెండూ మారుస్తున్నా. రిలే బండికి ఇదివరకే ఉంది. మా బావ సగం ఇవ్వనంటున్నాడు. బండి తోలేది మా తమ్ముడు, కాబట్టి ఆ సంగతి ఇంట్లో తేల్చుకుంటాం.

టంగుటూరు_డ్రైవరు:
తమ్ముణ్ని కూడా కూర్చోబెట్టండి ఆ పంచాయితీలో.

ఆటోవైరింగ్_కావలి:
పాత స్విచ్ పారేయకండి. షాపుకు చేత్తో పట్టుకుపోయి పిన్నులు లెక్కపెట్టి అదే తెచ్చుకోండి. కప్లర్‌కు కొత్త పిన్ను గట్టిగా క్రింప్ చేయించండి, ఉత్త టేపు చుట్టి వదిలేస్తే మళ్లీ అక్కడే కాలుతుంది.

పాతబండి_కందుకూరు:
సాయంత్రానికి బండి కదలకపోతే చెప్పు అబ్బయ్యా, మా కుర్రాడితో బటన్ పంపిస్తా.