ఇది యుద్ధపు బల్లెమా, పందివేట బల్లెమా? తాతగారి పెట్టెలో దొరికిన మొనపై చర్చ

కరణంగారి మనవడు: మా తాతగారు నిజాం కాలంలో రెవెన్యూ ఉద్యోగిగా ఔరంగాబాద్‌లో కొన్నాళ్లు ఉన్నారు. ఆయన ట్రంకుపెట్టెలో పాత పంచె ముక్కలో చుట్టిన బల్లెపు మొన ఒకటి దొరికింది. ఆకులాంటి అలుగు నాలుగు అంగుళాలు, కింద కర్ర దూర్చే గొట్టం ఏడు అంగుళాలు. రెండు అంచులూ ఇప్పటికీ కాగితాన్ని కోస్తాయి. సంస్థానపు రౌతులు యుద్ధంలో వాడినదని ఇంట్లోవాళ్లు అంటారు. పాత సామాను కొనే ఒకాయన చూసి విజయనగరం నాటిదని తేల్చేశాడు. మీరేమంటారు?

ఉక్కుమూస: నిస్సందేహంగా యుద్ధపుదే. మేలైన ఉక్కుకు దక్కన్ పెట్టింది పేరు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కొనుక్కోవడానికి పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. అలాంటి సీమలో దొరికిన మొనను వేట సామానుగా ఎందుకు తగ్గించాలి?

యాళి: విజయనగరం మాట మాత్రం పక్కన పెట్టండి. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో తంజావూరు ఆయుధాలు చూడండి. విజయనగరం కింద పాలించిన నాయక రాజుల కాలపు పనిలో యాళి (సింహంలాంటి కల్పిత మృగం) ముఖాలు, మకరాలు, చిలుకలు ఉక్కులోనే చెక్కి ఉంటాయి. 1855లో తంజావూరు చివరి మరాఠా రాజు శివాజీ చనిపోయాక ఆ ఆయుధాగారంలో మ్యూజియానికి చేరినవి కొన్నే. మిగిలిన వాటిలో ఎన్నో విరగ్గొట్టి పాత ఇనుముగా అమ్మేశారు. తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. సాదా మొనలు అప్పుడూ ఉండి ఉంటాయి. కానీ సాదాగా ఉండటమే విజయనగరానికి సాక్ష్యం కాదు కదా!

సానరాయి: ఉక్కు ఎక్కడిదో తెలిసినంత మాత్రాన ఆయుధం ఏ పనికో తెలియదు. అందరూ అలుగునే చూస్తున్నారు, నేను గొట్టం చూడమంటాను. చిన్న అలుగు, పొడవాటి గొట్టం, రెండు అంచులా పదును: ఇది గుర్రం మీద నుంచి అడవిపందిని పొడిచే బల్లెపు తీరు. ఇనుప వలల కవచం చీల్చాలంటే సన్నగా, పలకలుగా ఉండే మొన కావాలి. ఇక్కడ కావలసింది పొడిచిన వెంటనే ఊడి రావడం, ఎందుకంటే గుర్రం ఆగదు. ఐరోపాలో నేల మీద నిలబడి పందిని ఎదుర్కొనేవాళ్ల బల్లేనికి అడ్డపట్టీ ఉంటుంది, పంది కర్ర వెంట మీదికి రాకుండా. రౌతుకు ఆ అవసరం లేదు. మీరు ఔరంగాబాద్ అన్నారు గనుక చెబుతున్నాను, ఆ ఊళ్లో బోద్‌రాజ్ అనే తయారీదారు ముద్రతో చేసిన పందివేట బల్లేలను బ్రిటిష్ అధికారులు కోరి కొనేవారు.

ఉక్కుమూస: వేట బల్లెంతో మనిషిని పొడవరా? రౌతు చేతిలో రెండూ ఒకటే.

సానరాయి: పొడవచ్చు. కానీ దేనికి వాడారన్నది వేరు, దేనికోసం చేశారన్నది వేరు. మనం రెండోదాన్నే ఇనుములో చదవగలం. కర్ర దొరుకుతుందా? అసలు సాక్ష్యం అక్కడ ఉండవచ్చు.

కరణంగారి మనవడు: మా చిన్నాన్నగారింట్లో ఉంది! లోపల బోలు లేని వెదురు, ఆరడుగుల పైన. కింది కొసకు సీసం పోసి ఉంది. చేతిలోకి తీసుకుంటే బరువంతా వెనక్కి లాగుతోంది.

సానరాయి: సీసం ఉంటే నాకు సందేహం తీరినట్టే. బెంగాల్ తీరు పొట్టి బల్లెం అది. కింది కొస దగ్గరే పట్టుకుని పైనుంచి కిందికి పొడుస్తారు. ఆ బరువు లేకపోతే మొన ముందుకు వాలిపోతుంది. బొంబాయి వైపు పొడవాటి బల్లెం వాడేవారు, చేతిని కిందుగా పట్టి.

ఉక్కుమూస: సరే, వేటదే. ఔరంగాబాద్ సంగతి మాత్రం ఒప్పుకోను. తాతగారు అక్కడ పనిచేస్తే వస్తువు అక్కడే పుట్టిందా? కర్ర బెంగాల్ తీరంటున్నారు, ముద్రేమో ఎవరూ చూడలేదు.

సానరాయి: న్యాయమైన మాట. మనవడుగారూ, గరుకు కాగితంతో రుద్దకండి, ముద్ర ఉంటే అరిగిపోతుంది. మెత్తటి గుడ్డకు కాస్త కిరోసిన్ అద్ది గొట్టం చుట్టూ తుడవండి. తర్వాత చీకటి గదిలో టార్చి పక్కనుంచి వేసి ఫొటో తీసి పెట్టండి.